మూత రోజుల్లో చుక్కల బిళ్ళలు

మూత 33వ రోజు

పొద్దున్నే సున్నం బట్టీ నుంచి టెలిగ్రాఫు తీగ మీద ఆ ఒక్క మాట వచ్చింది: "సున్నం?" రోజూ వచ్చేదే. మాటల గొట్టం దగ్గర నిలబడి, మేం కాపురముంటున్న ఈ పాత బొగ్గుబాయి ఐదు వరసలనూ పిలిచాను. ఒకటో వరస నుంచి కనకయ్య సర్దార్ గొంతు సవరించుకుని "ఉన్నది" అన్నాడు. రెండు, నాలుగు, ఐదు కూడా అదే మాట. మూడో వరస మాదే, దాని సున్నం గది తాళంచెవి నా కొంగుకే ఉంటుంది కాబట్టి ఆ జవాబు నాకు నేనే చెప్పుకున్నాను. బట్టీకి "ఉంది" అని తిరిగి కొట్టాను. బాయి పుస్తకంలో ఐదు సార్లు "ఉంది" అని రాశాను. ముప్పై మూడు రోజులుగా ఇదే రాత. ఇంత విసుగు పుట్టించే పుస్తకం భూమ్మీద ఇంకోటి ఉండదు. భూమి కిందా ఉండదు.

అందుకే ఈ వెనక పేజీలు మొదలుపెట్టాను. ముందు పేజీలు బాయివి, వెనక పేజీలు నావి.

సున్నం గదిలో డబ్బా మార్చాను. పాత డబ్బాలోని సున్నం మా నలభై ఒక్కమంది వదిలిన చెడుగాలిని తిని తిని గడ్డకట్టింది. గోకినా రాలలేదు. కొత్త డబ్బా పంకా ముందు బిగిస్తే రెండు రోజులు వస్తుంది. ఎండలు తగ్గి బాయి మూత తీసే తొంభయ్యో రోజుకు ఇంకా యాభై ఏడు రోజులు. ఇరవై తొమ్మిది డబ్బాలు కావాలి. ఉన్నవి పదకొండు. ముప్పయ్యో రోజు రావలసిన బట్టీ బండి రాలేదు.

బాయి నోరు తెరిచి నాలుగు గుక్కల గాలి లోపలికి రానిద్దామా అంటే పైన ఎండ యాభై ఎనిమిది, రాత్రీ చల్లబడదు. ఒక్క పూట తెరిస్తే వరసలన్నీ కలిసే కూడలిలో పెంచుకుంటున్న కూరగాయలన్నీ ఉడికి కూరైపోతాయి.

రెండు రోజులుగా ఎవరికీ కుదురు లేదు. కూర్చున్నవాళ్ళు లేస్తారు, లేచినవాళ్ళు నడుస్తారు, నడిచేవాళ్ళు ఒకరికొకరు అడ్డం వచ్చి కసురుకుంటారు. నా కాళ్ళూ ఊరికే ఆడుతున్నాయి. మా ఆయన ఓదేలుకు పాతికేళ్ళ బొగ్గుపనితో ఊపిరితిత్తులు సగం మసి. మంచం మీద దిండుకు ఆనుకుని నన్ను చూసి నవ్వాడు.

"గా కాళ్ళకు ఓ పంకా కడితె మనకు గాలన్న వస్తుండె గదనే, రిజిస్టరమ్మా."

మూత 35వ రోజు

సాలెహ్ చాచా పంకాల మేస్త్రీ. ఈ ఏడే హైదరాబాద్ వైపు నుంచి మా బాయికి వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. తాతల కాలంలో వాళ్ళు సముద్రం దాటి వచ్చిన అరబ్బులట. మాటకు ముందు ఒక "అరె", మాటకు వెనక ఒక "సబర్", అంటే ఓపిక పట్టమని. ఈరోజు కూడలిలో గోనెపట్టా పరిచి, జేబు రుమాలు విప్పి, తెల్లటి బిళ్ళలు కుప్పగా పోశాడు. పగిలిన పింగాణీని అరగదీసి చేశాడట. ఒక్కోటి నా బొటనవేలంత. మధ్యలో గీత, గీతకు రెండు పక్కలా చుక్కలు. చుక్కల గుంటల్లో బొగ్గు మసి నింపాడు.

"లెక్కవెట్టు బేటీ."

లెక్కపెట్టమంటే నాకు ప్రాణం లేచివస్తుంది. ఇరవై ఎనిమిది. ఒక్కో సగంలో సున్నా నుంచి ఆరు దాకా చుక్కలు. ఏ జత రెండోసారి రాదు. ఆరూ–ఆరు ఒకటే, మూడూ–ఐదు ఒకటే. ఏ అంకె తీసుకున్నా అది సరిగ్గా ఏడు బిళ్ళల మీద ఉంటుంది. ఈ సంగతి చాచా చెప్పలేదు, నేనే వెతికి పట్టుకున్నాను. చాలా రోజుల తర్వాత కాసేపు నా కాళ్ళు ఆడలేదు.

ఆట ఇది. నలుగురు కూర్చోవాలి. ఎదురెదురు వాళ్ళు ఒక జట్టు. బిళ్ళలన్నీ బోర్లించి కలిపి తలా ఏడు తీసుకోవాలి. పక్కవాడికి కనబడకుండా నిలబెట్టుకోవాలి. ఆరూ–ఆరు ఎవరి దగ్గరుంటే వాళ్ళు ముందు వేస్తారు. తర్వాతివాడు దానికి ఆరు ఉన్న బిళ్ళనే ఆనించాలి. ఆ బిళ్ళ రెండో చివర మూడు ఉందనుకో, ఇప్పుడు వరుసకు ఒక కొసన ఆరు, ఇంకో కొసన మూడు. ఆ తర్వాతివాడు ఏదో ఒక కొసకు సరిపడేది వెయ్యాలి. చేతిలోవి ముందు అయిపోయినవాడి జట్టు గెలుస్తుంది. అంతే. చిన్నపిల్లలు కూడా పూటలో నేర్చుకుంటారు.

"మరి రెండు కొసలకూ సరిపడేది చేతిలో ఉండకపోతే?" అని అడిగాను.

"మా దిక్కు టేబుల్ మీద టక్ టక్ కొడ్తరు. కానీ మీ బాయిల రాయి కొడితె లోపల చిక్కుకున్నోళ్ళు పిలుస్తున్నరని అందరు ఉరుకొస్తరంట గదా. అందుకే ఈడ కొట్టుడు వద్దు. నోటితోనె చెప్పాలె. లేదు, అనాలె."

చుట్టూ నిలబడి చూస్తున్న పదిహేనుమంది ఒక్కసారిగా గతుక్కుమన్నారు. ఒక ముసలామె చెంపలు వేసుకుంది.

పాపం, చాచాకు తెలియదు. మా బాయిలో ఆ మాట అనం. మొదటి మూతలో ఒక ఇంటివాళ్ళు గదిలో మూడు డబ్బాలు పెట్టుకుని, అడగవచ్చిన పక్కింటివాళ్ళకు "లేదు" అన్నారట. తెల్లారేసరికి ఆ పక్కింట్లో తొమ్మిదిమంది పోయారు. ఆ రోజు పెద్దలు ఒట్టు పెట్టించారు: ఈ బాయిలో ఇక ఎవరూ ఆ మాట అనకూడదని. అడిగితే ఇవ్వాలి. మంచి ఒట్టే. కానీ ఎవరు అడిగినా కాదనలేరు కాబట్టి, అడగడమే తప్పయింది. అడిగేవాడు ఎదుటివాడి మెడ మీద కత్తి పెట్టినట్టు లెక్క. ఒకరి డబ్బాలు ఇంకొకరు లెక్కపెట్టడం తప్పు. ఇంకో వరసలోకి దీపం పట్టుకుపోవడం కూడా తప్పే, మంట ఎంత చిన్నబోయిందో చూసి గాలి సంగతి తెలుసుకుంటామని. "తిన్నారా?" అంటే "తిన్నాం" అన్నట్టు, "సున్నం?" అంటే "ఉంది" అంటాం. అది జవాబు కాదు, మర్యాద.

మూత 36వ రోజు

మొదటి ఆట. నేనూ ఓదేలూ ఒక జట్టు, ఎదురెదురుగా. చాచాకు జోడీ ఎవరా అని చూస్తుంటే కనకయ్య సర్దార్ వచ్చి పట్టా మీద కూర్చున్నాడు. డెబ్భయ్యేళ్ళ మనిషి, బాయికంతటికీ పెద్దదిక్కు. ఆయన కూర్చుంటే ఆటకు పరువు వచ్చినట్టే. ఆయన వెనకాలే ఒకటో వరస జనం సగం మంది వచ్చి చుట్టూ చేరారు.

నాలుగు చుట్లు బాగానే సాగింది. ఐదో చుట్టులో కొసలు రెండూ ఐదు. సర్దార్ తన బిళ్ళలు చూసుకున్నాడు. మోకాలు రుద్దుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత ఠీవిగా ఒక బిళ్ళ తీసి ఐదు పక్కన మూడు పెట్టాడు.

"సర్దార్ సాబ్," అన్నాడు చాచా మెల్లగా, "అది మూడు."

"అయితె?"

"ఈడ ఐదు ఉన్నది."

"మూడు గూడ మంచి అంకెనే గదా. ఉన్నదే వేసిన. నా తాన ఉన్నది."

ఓదేలుకు నవ్వు ఆగక దగ్గు వచ్చింది. దగ్గు ఆగక ఆట ఆగింది. సర్దార్ అదే అదనుగా లేచి, దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయనకు ఆట రాక కాదు. ఆ మాట నోట రాక.

దగ్గు తగ్గాక ఆ మూడు తీసేసి ముగ్గురం సాగించాం, ఓదేలు వంతు వచ్చింది. అతనికీ ఐదు లేదు. నా కళ్ళలోకి చూసి, గట్టిగా, తీరిగ్గా, లడ్డూ నములుతున్నట్టు "లే... దు" అన్నాడు. యాభై రెండేళ్ళ బతుకులో మొదటిసారి అన్నాడట. జనం "అయ్యో" అన్నారు. పైకప్పు కూలలేదు.

మూత 41వ రోజు

బండి రాలేదు. పొద్దున ఐదు "ఉంది"లు. డబ్బాలు ఎనిమిది. నేను రెండు రోజుల డబ్బాను మూడు రోజులు నడుపుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. తలనొప్పి అందరికీ ఉంది, అందరూ దాన్ని ఉక్కపోత అంటున్నారు.

కూడలిలో పొద్దంతా ఆటే. నలుగురు ఆడతారు, నలభైమంది చూస్తారు. ఒకటో వరస వాళ్ళు తిండికి కూడా ఇంటికి పోవడం లేదు, పట్టా పక్కనే నడుం వాలుస్తున్నారు. ఇంత ఆటపిచ్చి ఎక్కడా చూడలేదు. "సున్నానికి బదులు మీకు చుక్కలు పంచితె సరిపోతుండె" అని వాళ్ళను ఆటపట్టించాను. ఎవరూ నవ్వలేదు. గాలి సరిగా లేకపోతే హాస్యానికి కూడా ఊపిరాడదేమో.

ఆ మాట మాత్రం ఇంకా ఎవరికీ తిరగడం లేదు. ఒకరు దగ్గుతారు. ఒకరు "నువ్వు కానియ్యి" అంటారు. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని చెయ్యి ఊపుతుంది. చాచా ఒప్పుకోడు.

"అరె, లేదంటె సిగ్గు ఏమున్నది? అది నీ జోడీకి ఇచ్చే కబురు. నీ దగ్గర ఐదు లేదని తెలిస్తెనే గదా వాడు ఐదు మూసి నాలుగు తెరుస్తడు? నువ్వు ఉన్నదంటవు, వాడు ఐదే పెడ్తడు, ఇద్దరు కలిసి మునుగుతరు."

ఈ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో వెంటనే తెలియలేదు. తెలిసినా తెలియనట్టు పుస్తకం మూసేశాను.

మూత 44వ రోజు

కనకయ్య సర్దార్ తల్లి గట్టవ్వ తెల్లవారుజామున పోయింది. ఎనభై తొమ్మిదేళ్ళు. మూడేళ్ళుగా మంచం దిగలేదు. నిద్రలోనే పోయిందన్నారు. ముందు పేజీలో కారణం దగ్గర "వయసు" అని రాశాను. సర్దార్ పక్కనే నిలబడి, నేను రాసేదాకా చూసి, తల ఊపి వెళ్ళాడు.

ఈరోజు ఆట లేదు. సర్దార్ "ఉన్నది" మాత్రం వేళకే చెప్పాడు.

మూత 47వ రోజు

ఆరు డబ్బాలు. నలభై మూడు రోజులు.

ఇక నాలో నేను దాచుకోలేక ఓదేలుకు చెప్పాను. అతని మంచాన్ని పంకా నోటికి దగ్గరగా జరిపి వారమైంది. మొగుడి మీద ప్రేమ అని వరసలోని ఆడవాళ్ళు మురిసిపోతున్నారు. ప్రేమే. కానీ మిగతా నలభైమంది గాలిని అతని వైపు తిప్పే ప్రేమ. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు నాకు. అతను మూడు మెట్లు ఎక్కినట్టు ఊపిరి తీస్తాడు, నేను లెక్కపెడుతూ ఉంటాను. లెక్క తప్పితే లేచి కూర్చుంటాను.

"రేపు గొట్టం దగ్గర చెప్పేస్త," అన్నాను. "మనకు ఒడిసిందని అంటా."

ఓదేలు దిండు మీద లేచి ఆనుకున్నాడు. మాట్లాడటానికి అతనికి గాలి కూడగట్టుకోవాలి.

"కడుపు చించుకుంటె కాళ్ళ మీద పడుతదే. మనం లేదంటె ఏమైతది? మిగిలిన నాలుగు వరసలోళ్ళు తమది తెచ్చి మనకియ్యాలె. వాళ్ళ పోరగాండ్ల నోటికాడిది గుంజుకున్నట్టే. వద్దు. బండొస్తది."

"రాకుంటె?"

"వస్తది."

నాకు కోపం వచ్చింది. చచ్చేవాడికే అంత మర్యాద ఉంటే బతికించేదాన్ని నేనేం చెయ్యాలి? ఆ కోపంతోనే పొద్దున గొట్టం దగ్గరికి పోయాను. పోయి, ఐదు "ఉంది"లు రాసి వచ్చాను. మింగలేకా కక్కలేకా అంటే ఇదే కాబోలు.

మూత 50వ రోజు

సర్దార్ మళ్ళీ ఆటకు వచ్చాడు. తల్లి పోయాక మనిషి సగమయ్యాడు. ఇప్పుడు తప్పు బిళ్ళ వెయ్యడం లేదు. వంతు వచ్చినప్పుడు సరిపడేది లేకపోతే గొంతు సవరించుకుంటాడు, మోకాలు రుద్దుకుంటాడు, "నువ్వు కానియ్యి మేస్త్రీ" అంటాడు. ఆ మాట అనకుండానే ఆ మాట చెప్పడం నేర్చుకున్నాడు. చాచా కూడా పోనీలే అని ఊరుకున్నాడు.

మూడాటలు చూశాను. గొంతు సవరించుకున్న ప్రతిసారీ ఆయన దగ్గర లేదు. ఒక్కసారీ తప్పలేదు.

మా జాగాకు వచ్చి అన్నం వండుతుంటే చేతిలో గరిటె ఆగిపోయింది. రోజూ పొద్దున "ఉన్నది" అనే ముందు కూడా ఆయన గొంతు సవరించుకుంటాడు. ఎన్నాళ్ళ నుంచి? పుస్తకంలో అలాంటివి రాయం. నా వెనక పేజీలు తిప్పి చూసుకుంటే మొదటి రోజే రాసుకున్నాను, ఏమీ తెలియకుండా.

అంటే ఒకటో వరసలో కూడా అయిపోవచ్చిందా? మరి అక్కడి జనం ఎలా ఉన్నారు? ఎలా ఉన్నారంటే కూడలిలో ఉన్నారు. పొద్దంతా కూడలిలోనే, అన్ని వరసల గాలీ కలిసే చోటే ఉన్నారు. తిండీ నిద్రా అక్కడే. దాన్ని నేను ఆటపిచ్చి అన్నాను.

గట్టవ్వ మాత్రం మంచం దిగలేదు. ఆమె కూడలికి రాలేదు.

అన్నం అడుగంటింది. ఓదేలు మాడు కూడా గోకి తిన్నాడు.

మూత 53వ రోజు

ఇది వివరంగా రాస్తాను.

మధ్యాహ్నం ఆట. ఓదేలు వద్దంటే వినలేదు. ఇద్దరు మంచంతో సహా ఎత్తుకొచ్చి పట్టా పక్కన దించారు. పెదాలు నీలంగా ఉన్నాయి. చాచా, సర్దార్ ఒక జట్టు. నేనూ ఓదేలూ ఒక జట్టు. చాచా మొదటి నుంచీ నాలుగు మీద నాలుగు పేరుస్తూ పోయాడు. నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఐదు నాలుగులు. ఆరు. చాచా ఏడోది వేశాడు. వరుసకు ఇటు కొసా నాలుగే, అటు కొసా నాలుగే. ఏడు నాలుగులూ పట్టా మీదే ఉన్నాయి. ఇక ఎవరి చేతిలోనూ ఉండటానికి వీల్లేదు.

"ఆట మూత పడ్డది," అన్నాడు చాచా. "ఇట్ల అయినప్పుడు నలుగురు వరసగ చెప్పాలె. తర్వాత చేతుల మిగిలిన చుక్కలు లెక్కవెట్టాలె. తక్కువున్న జట్టు గెలుస్తది. చెప్పు బేటీ."

"లేదు," అన్నాను. ఆట కోసం చాలాసార్లు అన్న మాటే. ఈసారి మా డబ్బాల లెక్క గుర్తొచ్చింది.

సర్దార్ వంతు. ఆయన గొంతు సవరించుకున్నాడు. మోకాలు రుద్దుకున్నాడు. "కానియ్యి మేస్త్రీ" అన్నాడు.

"కానిచ్చేది ఏం లేదు సర్దార్ సాబ్. అందరికి కనిపిస్తున్నది. ఏడు ఈడనే ఉన్నయి. మీ దగ్గర ఉండవు, నా దగ్గర ఉండవు. ఇందుల తప్పు ఎవరిది? ఒక్క మాట చెప్పుండ్రి, ఆట అయిపోతది."

ఓదేలు తన వంతు కాకపోయినా మంచం మీంచి తల ఎత్తి, "నా తాన లేదు సర్దారూ," అన్నాడు. ఆ నాలుగు మాటలకు నాలుగు సార్లు ఆగాడు. సర్దార్ అతని పెదాల వైపు చూశాడు. అలా చూస్తూనే ఉండిపోయాడు.

"లేదు," అన్నాడు సర్దార్.

తర్వాత బిళ్ళలు చేతిలోంచి వదిలేశాడు. "ఒకటో వరసల గూడ లేదు. పన్నెండు దినాలాయె. పాతవి దంచి దంచి పెడ్తున్న. దీపం నిలుస్తలేదు. అందరిని ఈడికి తోలిన, ఆట జూడుండ్రని. అవ్వ రాకపాయె. ఎత్తుకొస్తె అందరు అడుగుతరని... నేను ఎత్తుకురాలె." ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "మా అవ్వ ముసలితనంతోని పోలేదు."

డెబ్భయ్యేళ్ళ మనిషి అందరి ముందు ఏడుస్తుంటే ఎటు చూడాలో ఎవరికీ తెలియలేదు. నేను లేచి నిలబడ్డాను. మాకూ నాలుగే డబ్బాలు మిగిలాయనీ, నేను కూడా ఇరవై రోజులుగా అబద్ధం రాస్తున్నాననీ, మంచం జరిపిన సంగతితో సహా, గట్టిగా చెప్పాను. మా వరసవాళ్ళు నన్ను కొడతారనుకున్నాను. ఒకామె వచ్చి ఓదేలు దిండు సరిచేసింది.

మిగిలిన చుక్కలు ఎవరూ లెక్కపెట్టలేదు.

మూత 54వ రోజు

పొద్దున బట్టీ నుంచి "సున్నం?" వచ్చింది. గొట్టం దగ్గర నిలబడి, ఈసారి ఎవరినీ అడగకుండా ముందు మాదే చెప్పాను.

"మూడో వరస. నాలుగు డబ్బాలున్నయి. అంటె లేదు. మీకు?"

"ఒకటో వరస. లేదు." గొంతు సవరించుకోలేదు.

రెండో వరస నుంచి ఎవరో ఏడుపుగొంతుతో "లేదు" అన్నారు. నాలుగో వరస కూడా. అందరం ఒకరి దగ్గర ఉందని ఒకరం నమ్మి, పైన పటారం లోన లొటారంగా బతికాం ఇన్నాళ్ళూ.

ఐదో వరస సున్నం చూసే భూదమ్మ మాత్రం "ఉన్నది" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంకా మర్యాదేనా అని అరవబోతుంటే ఆమే మళ్ళీ పలికింది. "నిజంగనే ఉన్నది. మా తాన మంది తక్కువ గదా. ఇరవై ఆరు డబ్బాలు. ఎవ్వరన్న అడుగుతరేమో అని రోజు ఎదురుచూస్తున్న. అడగకముందే ఇస్తె, మీకు లేదా అని మొఖం మీద అన్నట్టయితది గదా? పంపుతున్న."

గంటలో తోపుడుబండి మీద డబ్బాలు వచ్చాయి. ఒకటో వరసకు ముందు, మాకు తర్వాత. మా వరస పంకాలో కొత్త సున్నం బిగించి ఓదేలు పక్కన అరగంట కూర్చున్నాను. అతని పెదాల రంగు మారడం కళ్ళారా చూశాను. అప్పుడు ఏడిచాను, ముందు కాదు.

తర్వాత తీగ దగ్గరికి వెళ్ళి బట్టీకి కొట్టాను. బాయి పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ ఆ తీగ మీద కొట్టని మాట. "లేదు."

నిమిషం కూడా పట్టలేదు. జవాబు వచ్చింది: "ఎన్ని కావాలి?"

ముప్పయ్యో రోజు రావలసిన బండి ఎందుకు పంపలేదని అడిగాను. బట్టీవాళ్ళు విసుక్కుంటూ కొట్టారు: "ఈ ఏడు రాయి తక్కువ. లేదన్న చోటికే పంపుతున్నాం. మీరు రోజూ ఉందన్నారు. రేపు సాయంత్రానికి బండి వస్తుంది."

వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగి చూశాను. కనకయ్య సర్దార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏమంటున్నరు?"

బట్టీలోనే సున్నం లేదట, అందుకే పంపలేదట అని చెప్పవచ్చు. చెబితే ఆయన ఈ రాత్రి నిద్రపోతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇన్ని రోజుల తర్వాత ఇంకో అబద్ధం రాయడానికి నాకు మనసొప్పలేదు.

"అడిగితె పంపేటోళ్ళట సర్దార్. ఎప్పుడడిగినా."

ఆయన గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. నేను నీళ్ళిస్తే తాగలేదు. గట్టవ్వ పేరు నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. తీగ వైపు తల ఎత్తాడు.

"గీ తీగ మామిడిగట్టు బాయికి గూడ పోతది గదా."

"పోతది."

"వాళ్ళు మన మొదటి మూతల నుంచి విడిపోయినోళ్ళే. మన ఒట్టే వాళ్ళది. అడుగు."

"సున్నం?" అని కొట్టాను. మామిడిగట్టులో తీగ ఎవరు చూస్తారో నాకు తెలియదు, ఆ చేతివాటం మాత్రం గుర్తే. వెంటనే జవాబు వచ్చింది. "ఉంది."

సర్దార్ తల అడ్డంగా ఊపాడు. "అట్లడిగితె ఎవ్వరు జెప్పరు. ముందుగాల మనది జెప్పు."

నేను ఒక్కో అక్షరం నెమ్మదిగా కొట్టాను. "మాకు లేదు. లేదని చెప్పకుండా దాచాం. ఒకరు పోయారు. మీకు?"

తీగ పలకలేదు. ఐదు నిమిషాలు. పది. సర్దార్ లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తర్వాత అటు చెయ్యి తడబడుతూ కొట్టింది. వచ్చింది వచ్చినట్టు నేను పైకి చదివాను.

"లేదు. ముగ్గురు."

సర్దార్ కళ్ళు మూసుకున్నాడు. "బట్టీకి జెప్పు. రేపటి బండి ముందుగాల ఆడికి పొమ్మను. మనది ఎల్లుండి."

నేను కొట్టలేదు. మామిడిగట్టు కోసం బండి చుట్టు తిరిగితే మాకు ఒక రోజు ఆలస్యం, రాయి తక్కువైన ఏడు అక్కడ దించాక మాకెన్ని మిగులుతాయో తెలియదు. ఐదో వరస డబ్బాలను బాయి అంతటికీ పంచాక మా వరసకు వచ్చినవి ఐదు. ఓదేలు ఊపిరి ఎంత సుకుమారమో సర్దార్‌కు తెలియదు, నాకు తెలుసు. కాదు అనడానికి నోరు తెరిచి, గుమ్మం అవతల మా వరసలో ఓదేలు వైపు చూశాను. అతను మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. మా మాటలన్నీ విన్నాడు.

"కొట్టు," అన్నాడు. ఈసారి మాటకు ఆగలేదు. "నాకిప్పుడు ఉన్నదే."

బట్టీకి కొట్టాను. ముందు మామిడిగట్టు, తర్వాత మేము.